సిస్టర్ గారికి నేను వేసిన మార్కులు

నా ఉద్యోగ జీవితంలో నేను సంతకం పెట్టిన అబద్ధాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని మాత్రం జనం పూర్తిగా నమ్మారు. ఇది దాని గురించి.

ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు తోడుగా వాలంటీర్లను పంపే సంస్థలో పదహారేళ్లు పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. హోదా కోఆర్డినేటర్. సాయం చేద్దామనుకునేవాళ్లకూ సాయం కావలసినవాళ్లకూ మధ్య కూర్చుని ఫారాలు నింపేదాన్ని అన్నమాట. ఈ మధ్య చదువుకున్న పిల్లలు చాలామంది ఈ పనిలోకి వస్తున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు నన్ను కలిసి, మీ అనుభవం నుంచి ఏదైనా చెప్పండి మేడమ్ అని అడిగారు. స్ఫూర్తినిచ్చేది ఏదైనా దొరుకుతుందని వాళ్ల ఆశ. నా దగ్గర ఆ సరుకు లేదు. కోపం ఉంది, అది మాత్రం కావలసినంత.

మా ఆఫీసు మదీనాగూడలో హైవే పక్కన, ఒక టిఫిన్ సెంటర్ పైన రెండు గదులు. మా ఫైళ్లన్నీ సాంబారు వాసన వేసేవి. మాకు డబ్బిచ్చేది హైటెక్ సిటీలో ఒక కంపెనీ. వాలంటీర్లు కూడా ఎక్కువగా అక్కడినుంచే వచ్చేవాళ్లు, శని ఆదివారాల్లో. ఎవరింటికి ఎవరిని పంపాలో తేల్చడానికి కంపెనీవాళ్లు ఒక ఫారం తయారుచేసి ఇచ్చారు. నలభై ప్రశ్నలు, వంద మార్కులు. ఎంత ఎక్కువ వస్తే ఆ మనిషి అంత ప్రమాదంలో ఉన్నట్టు. అరవై దాటితే వారానికి రెండుసార్లు వాలంటీరు ఇంటికి వస్తారు. అరవై లోపు ఉంటే వారానికొక ఫోను వస్తుంది. ఎలా ఉన్నారు ఆంటీ, భోంచేశారా ఆంటీ, టేక్ కేర్ ఆంటీ. నిమిషంన్నర.

దీని అర్థం మీకు తట్టే ఉంటుంది. తన కాళ్ల మీద తను నిలబడ్డ మనిషికి మేం చెయ్యి ఇవ్వం. పడిపోతే ఇస్తాం. అందుకని మేమందరం నిలబడ్డవాళ్లని కాగితం మీద కాస్త పడేసేవాళ్లం. దానికి మా ఆఫీసులో 'ఉప్పు వేయడం' అని పేరు. మా ఫైళ్లు చదివినవాళ్లకు, కొండాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఇవాళ ఏ వారమో తెలిసిన ముసలివాళ్లు ఒక్కరూ లేరనిపిస్తుంది. నిజానికి వాళ్లలో చాలామందికి వారం, తిథి, నక్షత్రం, వర్జ్యం ఎప్పుడు విడుస్తుందో కూడా తెలుసు. డైరెక్టర్ గారికి మా ఉప్పు సంగతి తెలుసు. డబ్బిచ్చే కంపెనీకి తెలుసో లేదో చెప్పలేను. తెలియకపోతే మాత్రం వాళ్లు చాలా పెద్ద జీతాలు తీసుకునే అమాయకులు.

ఇక సిస్టర్ గారు. అప్పటికి ఆవిడకు ఎనభై ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. తెనాలి వైపు మనిషి. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, నైట్ డ్యూటీలు ఎక్కువ పడ్డాయి, తీరిక దొరకలేదు అనేవారు. కొండాపూర్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో పధ్నాలుగేళ్లుగా కిరాయికి ఉంటున్నారు. ఆ అపార్ట్‌మెంట్‌లో మెట్లు, వరండాలు ఊడ్చే ఆవిడ మా ఫీల్డ్ వర్కరుకి మేనత్త. బోరబండ వాళ్లు. మేనత్త చెబితే ఫీల్డ్ వర్కరు నాకు చెప్పింది, ఇద్దరం కలిసి వెళ్లాం.

సిస్టర్ గారు పొయ్యి మీద పాలు పెట్టి, మమ్మల్ని కూర్చోబెట్టి, సూటిగా విషయానికి వచ్చారు.

"నాకేం జబ్బు లేదమ్మా. కంటిచూపు మందగించింది, అంతే. రోడ్డు దాటడానికి ఒక చెయ్యి కావాలి. శనివారం కూరగాయలకి, ఇంకోరోజు కళ్ల డాక్టరు దగ్గరికో, బ్యాంకుకో. ఆ చెయ్యి తాలూకు మనిషి మాట్లాడకపోయినా ఫరవాలేదు."

నేను నవ్వాను. ఆసుపత్రి కబుర్లు అడిగాను. ఆవిడ చెబుతుంటే నేను ఇంకా ఇంకా అడిగాను. లోపల పాలు పొంగిపోయాయి. ఆవిడ లేచి వెళ్లి పొయ్యి ఆపి, గట్టు తుడిచి, మిగిలిన పాలతో కాఫీ పెట్టి తెచ్చారు. కాఫీ బాగుంది.

ఆఫీసుకు వచ్చి ఉన్నదున్నట్టు ఫారం నింపితే ముప్పై ఒకటి వచ్చింది. ఫీల్డ్ వర్కరు నా భుజం మీదుగా చూసింది.

"ముప్పై ఒకటికి ఏమొస్తది మేడమ్, వారానికో ఫోను. ఫోను పట్టుకొని రోడ్డు దాటుతదా ఆమె? జర ఉప్పెయ్యండి."

వేశాను. ఆరు నెలల్లో రెండుసార్లు పడ్డారు అని రాశాను. తేదీలు, వారాలు తడబడతారు అని రాశాను. ఇంకా చాలక, పొంగిన పాలు గుర్తొచ్చి, 'స్టవ్ ఆపడం మర్చిపోతారు' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ ఒక్క గడికే పదిహేను మార్కులు. మొత్తం డెబ్బై రెండు. ఆవిడను అలా మాట్లాడించి పాలు పొంగించిన మనిషికి ఎన్ని మార్కులు వేయాలో ఫారంలో లేదు. ఒక పెద్దావిడకు మేలు చేశానని ఆ సాయంత్రం నాకు బోలెడు తృప్తి కలిగింది. కొత్తగా చేరినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. తప్పు చేసినప్పుడు కలిగే తృప్తి కూడా అచ్చం అసలుదానిలాగే ఉంటుంది.

మేం పంపిన వాలంటీరు ఒక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇంజనీరు. ఇద్దరు పిల్లల తల్లి. మొదటి శనివారం సిస్టర్ గారి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. రెండో శనివారం సిస్టర్ గారు ఆమె చెయ్యి పట్టుకుని బీపీ చూసి, ఎక్కువగా ఉందని తిట్టి డాక్టరు దగ్గరికి తోలారు. సాయం ఎటునుంచి ఎటు నడుస్తోందో రాయడానికి మా దగ్గర గడి లేదు. కాబట్టి ఇంజనీరు సేవ చేస్తున్నట్టూ, సిస్టర్ గారు పొందుతున్నట్టూ రాసుకున్నాం.

అసలు సంగతేమిటంటే, ఆ అపార్ట్‌మెంట్‌లో మనుషుల్ని కనిపెట్టుకుని ఉండే పని ఎవరైనా చేస్తున్నారంటే అది సిస్టర్ గారే. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా ఆవిడ తలుపు తెరిచి ఉండేది. ఊడ్చే ఆడవాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు, గేటు దగ్గర వాచ్‌మన్లు వచ్చి బీపీ చూపించుకునేవాళ్లు. దవాఖానలో ఇచ్చిన చీటీలు తెచ్చి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అడిగేవాళ్లు. రెండో అంతస్తులో ఉండే అసోసియేషన్ ట్రెజరర్ గారి అత్తగారికి రోజూ ఇన్సులిన్ సూది వేసేది కూడా ఈవిడే. ఆ ఇంటికి మాత్రం ఈవిడే దిగి వెళ్లేవారు. ఎనభై దాటిన మనిషి అరవై ఎనిమిదేళ్ల మనిషి దగ్గరికి.

నాలుగు గంటలకు లిఫ్టులో చీపుళ్ల మనుషులు కనబడటం కొందరికి నచ్చలేదు. ఫిర్యాదు వెళ్లింది. ముందుగా మా వాలంటీరుని గేటు దగ్గర ఆపేశారు. వచ్చేపోయేవాళ్లను రాసుకునే యాప్‌లో పర్మిషన్ లేదన్నారు. నేను అసోసియేషన్ సెక్రటరీ గారిని కలవడానికి వెళ్లాను.

సెక్రటరీ గారు నలభై ఐదేళ్ల మనిషి, ఏదో కంపెనీలో మేనేజరు. ఎప్పుడూ గొంతు పెంచరు. ఈ ఊళ్లో గట్టిగా అరిచేవాళ్లంటే నాకు భయం లేదు. నవ్వుతూ, మెల్లగా 'ప్రాసెస్' అనేవాళ్లను చూస్తేనే భయం. ఆయన నాకు మంచినీళ్లు ఇప్పించి, సీనియర్స్ అంటే తమకు చాలా రెస్పెక్ట్ అని రెండుసార్లు చెప్పారు. ఒక్క ఫ్లాటుకి ఇంతమంది ఎందుకు వస్తున్నారో రికార్డులో ఉండాలి కదా మేడమ్, ఏదైనా డాక్యుమెంట్ ఇచ్చేయండి, మీ వాలంటీర్లకి పర్మనెంట్ పాస్ పెట్టించేస్తాను అన్నారు.

నేను ఆఫీసుకు వెళ్లి ఆ డెబ్బై రెండు మార్కుల ఫారం కాపీ తీయించి, మా స్టాంపు వేసి, కవర్లో పెట్టి పంపాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. ఆమెకు చెప్పిన్రా మేడమ్ అని ఫీల్డ్ వర్కరు అడిగింది. పాస్ వచ్చాక చెబుదాంలే అన్నాను. పాస్ మూడో రోజునే వచ్చింది. ఆ శనివారం మా వాలంటీరు దర్జాగా గేటు దాటి వెళ్లింది. నేను చెప్పడం మర్చిపోయాను. తేదీలు తడబడేదీ, మర్చిపోయేదీ ఎవరో చూస్తున్నారుగా.

రెండు వారాల తర్వాత సిస్టర్ గారు ఫోన్ చేశారు.

"అమ్మా, నేను స్టవ్ ఆపడం మర్చిపోతానటగా. నాకు తెలియలేదు. వీలు చూసుకుని వచ్చి కాస్త వివరంగా చెబుతావా?"

జరిగిందేమిటంటే, అసోసియేషన్ వాళ్లు ఆ ఫ్లాటు ఓనరుకి ఉత్తరం రాశారు. మీ కిరాయిదారు మతిమరుపు మనిషి, గ్యాస్ వదిలేస్తుంది, చుట్టూ చిన్నపిల్లలున్న కుటుంబాలు, రేపేమైనా జరిగితే బాధ్యత మీదే అని. దానికి నా ఫారం జత చేశారు. ఎక్కడో వేరే ఊళ్లో ఉండే ఓనరు భయపడి, నెలలో ఖాళీ చేయమన్నాడు. మీటింగులో సభ్యులు ఒప్పుకుంటే ఉండనిస్తానని ఒక మెలిక పెట్టాడు. ఆ వచ్చే ఆదివారమే జనరల్ బాడీ మీటింగ్. డెబ్బై ఐదు దాటి ఒంటరిగా ఉండేవాళ్లకు, ఇరవై నాలుగు గంటలూ మనిషిని పెట్టుకుంటే తప్ప ఇల్లు అద్దెకు ఇవ్వకూడదని తీర్మానం పెడుతున్నారు. ఆ వయసులో అక్కడ కిరాయికి ఉన్నది ఒక్కరే. అయినా దాన్ని పాలసీ అన్నారు.

నేను డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లి, ఆ ఫారం తప్పని ఆఫీసు తరఫున ఉత్తరం ఇవ్వమన్నాను. డైరెక్టర్ గారు చెడ్డమనిషి కాదు. ఒకరి గురించి ఈ మాటతో మొదలుపెట్టాల్సి వచ్చిందంటే తర్వాతది మీరే ఊహించుకోవచ్చు. ఆయన కళ్లజోడు తీసి, ఒక్క ఫారం అబద్ధమని మనమే రాసిస్తే మిగతావన్నీ నిజమని ఎవరు నమ్ముతారమ్మా అన్నారు. వచ్చే నెలలో కంపెనీ మళ్లీ డబ్బివ్వాలా వద్దా అని తేల్చుకుంటుందనీ, ఒక్కరి కోసం మిగతా అందర్నీ రోడ్డు మీద పడేస్తానా అనీ అడిగారు. కానీ ఒకరిని రోడ్డు మీద పడేయడానికి మేం ఒప్పుకున్నాం అన్నది మాత్రం ఆ గదిలో ఎవరూ అనలేదు.

ఆయనే మధ్యేమార్గం చూపించారు. మా సంస్థ సేవల వల్ల వీరి పరిస్థితి గణనీయంగా మెరుగుపడింది అని ఒక ఉత్తరం ఇద్దామన్నారు. గణనీయంగా అన్న మాట ఆయనది. టైపు చేసింది నేను.

ఆ ఉత్తరం, ఫారం కాపీ తీసుకుని ఫీల్డ్ వర్కరుతో కలిసి సిస్టర్ గారింటికి వెళ్లాను. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, భూతద్దం పెట్టి, ఫారం మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదివారు. మధ్యలో ఒకచోట ఆగారు.

"రెండుసార్లు పడ్డానని రాశావు. ఎప్పుడమ్మా?"

"పడలేదు సిస్టర్ గారూ."

"అదే, ఒకసారైనా పడుంటే గుర్తుండేది కదా అని."

ఎందుకలా రాయాల్సి వచ్చిందో చెప్పాను. అరవై మార్కుల లెక్క చెప్పాను. అందరం అలాగే రాస్తామని కూడా చెప్పాను, అదేదో గొప్ప విషయంలాగా. ఫీల్డ్ వర్కరు నన్ను వెనకేసుకొచ్చింది. మీ మంచి కోసమే రాసిన్రమ్మా, మేడమ్ కూడా పరేషాన్ అయితున్నరు అంది. సిస్టర్ గారు భూతద్దం పక్కన పెట్టారు.

"ముప్పై నాలుగేళ్లు చార్టులు రాశాను. నా కింద ఒక పిల్ల జ్వరం చూడకుండానే తొంభై ఎనిమిది అని రాసేసేది. నిద్రొచ్చి. పట్టుకుని మెమో ఇప్పించాను. నువ్వు జాలిపడి రాశావు. మంచం మీద ఉన్నవాళ్లకి రెండూ ఒకటేనమ్మా."

తర్వాత ఉత్తరం చదివారు. ఓహో, ఇదివరకు మతిలేనిదాన్ని, మీ చలవ వల్ల కుదురుకున్నాను అన్నమాట అన్నారు. ఉత్తరం మడిచి నా చేతిలోనే పెట్టారు. ఇది తీయొద్దు, మీటింగుకి వచ్చి నీ నోటితో ఆ ఫారం తప్పని చెప్పు, ఇంకేం అక్కర్లేదు అన్నారు. తప్పకుండా చెబుతానన్నాను. ఉత్తరాన్ని బ్యాగులో పెట్టుకున్నాను. అక్కడే చించేసి ఉండాల్సింది.

మీటింగు ఆదివారం పదకొండు గంటలకు, కింద క్లబ్ హౌస్‌లో. ఫీల్డ్ వర్కరును గేటు దగ్గరే ఆపేశారు. పాస్ వాలంటీర్లకే అట, స్టాఫుకి కాదట. నేనూ స్టాఫునే, నన్ను ఎవరూ ఆపలేదు. ఆమె బయట ఎండలో నిలబడింది. సిస్టర్ గారు లిఫ్టు వద్దని, మా టెస్టింగ్ ఇంజనీరు చెయ్యి పట్టుకుని నాలుగంతస్తుల మెట్లూ దిగి వచ్చారు. తనకు కాళ్లు ఆడతాయని చూపించడానికి. చూసినవాళ్లు ఎవరూ లేరు. అందరూ లిఫ్టులోనే వచ్చారు.

సెక్రటరీ గారు నా ఫారాన్ని ప్రొజెక్టరు మీద వేశారు. నా చేతిరాత గోడ మీద ఆరడుగుల ఎత్తున నిలబడింది. చిన్నప్పుడు నా దస్తూరీకి బహుమతి వచ్చింది. అంత పెద్దగా చూసినా చెక్కుచెదరలేదు.

ఆయన ఒక్కో గడీ చదివారు. స్టవ్ దగ్గరికి వచ్చేసరికి హాల్లో ఒక తల్లి పక్కనున్న పాపను దగ్గరికి లాక్కుంది. నేను లేచి నిలబడ్డాను. ఇది నేనే రాశాను, ఇది నిజం కాదు, వాలంటీరు దొరకాలని ఎక్కువ మార్కులు వేశాను, వీరెప్పుడూ పడలేదు, పొయ్యి ఎప్పుడూ మర్చిపోలేదు, తప్పంతా నాది అని చెప్పాను. మాట స్పష్టంగానే వచ్చింది. అలా మాట్లాడిన ఆ ఒక్క నిమిషమే నేను పదహారేళ్ల ఉద్యోగంలో చేసిన మంచి పని.

సెక్రటరీ గారు తల ఊపారు, చాలా సానుభూతిగా.

"మీ ఫీలింగ్స్ నాకు అర్థమవుతున్నాయి మేడమ్. కానీ ఇది మీ ఆఫీస్ స్టాంపు ఉన్న డాక్యుమెంట్. ఇప్పుడు మీరు ఓరల్‌గా చెప్తున్నారు. ఆఫీస్ నుంచి లెటర్ ఏమైనా తెచ్చారా?"

కాగితం అడిగితే కాగితం తీయడం నా అలవాటు. ఇన్నేళ్లుగా చేసింది అదే కదా. సిస్టర్ గారు చెప్పిన మాట చెవిలో ఉంది. అయినా చెయ్యి బ్యాగులోకి వెళ్లింది, ఉత్తరం తీసింది, ఆయనకు ఇచ్చింది. నా చెయ్యే. వేరే ఎవరిదో అని చెప్పుకునే వీలు లేదు.

ఆయన పైకే చదివారు. గణనీయంగా మెరుగుపడింది. చదివి, కాగితాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, అంటే ఇదివరకు అలా ఉన్నట్టేగా మేడమ్ అన్నారు. వెటకారం లేదు. నిజంగా సందేహనివృత్తి కోసమే అడిగినట్టు అడిగారు.

నేను కూర్చున్నాను. సిస్టర్ గారి వైపు చూడలేదు. ఆవిడే లేచారు.

"ఏవండీ, నేను ఇక్కడే ఉన్నాను కదండీ. గోడ మీదది చదవడం ఎందుకు, నన్ను అడగండి. ఇవాళ ఏ తేదీ అని అడగండి, పైన స్టవ్ ఆపి వచ్చానా అని అడగండి. లేకపోతే మీలో ఎవరి బీపీ ఎంతో అడగండి, అదీ చెబుతాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. సెక్రటరీ గారు, అమ్మా, ఇది పర్సనల్ కాదు, పాలసీ అన్నారు. ట్రెజరర్ గారు రెండో వరుసలో కూర్చుని ఫోను చూసుకుంటున్నారు. ముందురోజు సాయంత్రం ఆయన అత్తగారికి సూది వేసిన చెయ్యి ఆయనకు మూడు కుర్చీల దూరంలో ఉంది. ఆయన తల ఎత్తలేదు. ఆ తల మీద నాకున్న కోపం ఇప్పటికీ ఏమాత్రం తగ్గలేదు. నా తలను కూడా అప్పుడప్పుడు ఆ లెక్కలోనే కలుపుకుంటూ ఉంటాను.

ఓటింగు చేతులెత్తి పెట్టలేదు. వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ ఒక్కసారి తలలు వంచుకుని వేళ్లతో నొక్కారు. ఎదురుగా కూర్చున్న ముసలావిడను ఇల్లు ఖాళీ చేయించడానికి చెయ్యెత్తే శ్రమ కూడా లేకుండా చేసింది సాంకేతిక ప్రగతి. ఫలితం గోడ మీద పడింది. ఆవిడ వైపు మూడు ఓట్లు. ఆ ముగ్గురెవరో నాకు తెలియదు. ఎప్పుడైనా ఎదురుపడితే దండం పెట్టుకుంటాను.

ఆ రోజు సాయంత్రం సిస్టర్ గారు ఎప్పటిలాగే రెండో అంతస్తుకు దిగి ఇన్సులిన్ వేసి వచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు వెళ్లారని అడిగాను.

"సూది టైముకి పడాలమ్మా. షుగరుకి మీటింగులు తెలియవు."

నెల గడువులో నేను, ఫీల్డ్ వర్కరు కలిసి ఇల్లు వెతికాం. మదీనాగూడ, కూకట్‌పల్లి, మధ్యలో ఉన్న కాలనీలన్నీ. టు-లెట్ బోర్డు మీది నంబరుకి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న ఎంతమంది అని. ఒక్కరే అంటే గొంతులో సంతోషం. రెండో ప్రశ్న వయసెంత అని. తర్వాత ఇల్లు అప్పుడే ఎవరికో ఇచ్చేసి ఉండేవారు. ఒకాయన మాత్రం నిజాయితీగా, మా ఇంట్లో ఎవరూ పోవడం మాకిష్టం లేదమ్మా అన్నాడు. తనకు ఆ ఏర్పాటు వేరేచోట జరిగినట్టు.

చివరికి ఫీల్డ్ వర్కరు మేనత్తే దారి చూపించింది. బోరబండలో రైల్వే స్టేషన్‌కి దగ్గరగా, గల్లీలో వాళ్లదే చిన్న ఇల్లు. పైన ఒక గది ఖాళీగా ఉంది. వయసు గురించి చెప్పబోతే ఆమె నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"నాకు తెల్వదా మేడమ్ ఆమె వయసు? రోజూ చూస్తలేనా? గల్లీలో అందరికీ బీపీ చూస్తది కదా, మాకు గదే చాలు. తీస్కరాండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి."

గది బాగుంది. గాలి వస్తుంది. కానీ పైకి మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉన్నాయి. ఒకవైపు గోడ, రెండోవైపు ఏమీ లేదు. పట్టుకోవడానికి కడ్డీ వేయించాలి సిస్టర్ గారూ అన్నాను. వేయిద్దాంలే అన్నారు. మా సంస్థ తరఫున వేయించడానికి వీల్లేదు. కంపెనీవాళ్లు ఇచ్చిన మ్యాపులో మా సేవా పరిధి బోరబండ దాకా రాదు. అక్కడ ముసలివాళ్లు లేరని కాదు, కంపెనీలు లేవని. ఆవిడ సామానంతా ఒకే ట్రాలీ ఆటోలో పట్టేసింది. ఫైలు మూసేశాం. టెస్టింగ్ ఇంజనీరు మాత్రం మాకు చెప్పకుండా ప్రతి శనివారం వెళ్లేది. దాన్ని మేం వాలంటీర్ గంటల్లో లెక్కేయలేదు.

నేను రాజీనామా చేశాననుకుంటున్నారేమో. చేయలేదు. జీతం అవసరం. ఇంకో మూడేళ్లు పనిచేశాను. అప్పటినుంచీ ఫారాల్లో నిజమే రాశాను. దానివల్ల నా ఫైళ్లలో ఉన్నవాళ్లలో చాలామందికి వారానికొక ఫోనే దక్కింది. పక్క టేబులు వాళ్ల ఫైళ్లలో ఉన్నవాళ్లకు మనుషులు దొరికారు. ఇదేం నిజాయితీ అని ఒక పెద్దాయన నన్ను ఫోన్లోనే నిలదీశాడు. ఆయనకు కుళాయి వాషరు మార్చేవాళ్లు కావాలి. నేను ఆయన ఆరోగ్యం బాగుందని రాశాను. కాబట్టి కుళాయి కారుతూనే ఉంది. అబద్ధం రాయొద్దని మీకు చెప్పడం నాకు తేలికే. నిజం రాస్తే మనిషిని పంపని ఫారాన్ని తయారుచేసినవాళ్ల గొంతు ఎవరు పట్టుకోవాలో అదీ చెప్పాలి కదా. నేను పట్టుకోలేదు. ఏటేటా జరిగే సమీక్ష సమావేశంలో వాళ్లు పెట్టిన సమోసాలు తిని వచ్చాను. మీరు తినకండి.

సిస్టర్ గారు బోరబండకు వెళ్లిన నాలుగో నెలలో మెట్ల మీద పడ్డారు. కూరగాయల సంచితో ఎక్కుతుంటే. తుంటి ఎముక విరిగింది. అప్పటికీ కడ్డీ వేయించలేదు. నేను వేయిస్తానని అనుకుంటూనే ఉన్నాను. దవాఖానలో ఆపరేషన్ చేసి పంపించేశారు. గల్లీ ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. పొద్దున మేనత్త, మధ్యాహ్నం ఎదురింటి ఆవిడ, సాయంత్రం ఇంకెవరో. కాగితం లేదు, మార్కులు లేవు. ఎవరు ఎప్పుడు రావాలో మంచం మీదినుంచి సిస్టర్ గారే చెప్పేవారట, వార్డులో డ్యూటీలు వేసినట్టు.

నాకు వెళ్లడానికి పది రోజులు పట్టింది. దూరం అని కాదు. ఒక మధ్యాహ్నం పళ్లు తీసుకుని వెళ్లాను. ఆ మెట్లు గోడ పట్టుకుని ఎక్కాను. ఎదురింటి ఆవిడ నన్ను చూసి, అయితే నేను అన్నం వండుకొస్తానని దిగిపోయింది. గదిలో మేమిద్దరమే మిగిలాం. సిస్టర్ గారు సన్నబడ్డారు. కళ్లు మాత్రం ఎప్పటిలాగే నా మొహాన్ని చార్టు చదివినట్టు చదువుతున్నాయి. దారంతా కూడబలుక్కున్నది మొదలుపెట్టాను. అంతా నా వల్లే జరిగింది, మిమ్మల్ని ఇంట్లోంచి గెంటించింది నేనే, ఆ రోజు ఆ ఉత్తరం తీయొద్దన్నా తీశాను, నన్ను క్షమించండి అన్నాను. ఏడుపు కూడా వచ్చింది. చెయ్యి ఎత్తి ఆపారు.

"అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ బెడ్‌పాన్ తీసి కడిగి తీసుకురా. నువ్వు వచ్చినప్పటినుంచీ అలాగే ఉంది."

ఒంటరి ముసలివాళ్ల సేవలో అప్పటికి పన్నెండేళ్లు దాటింది నాకు. బెడ్‌పాన్ ముట్టుకోవడం అదే మొదలు. ఎటు పట్టుకోవాలో తెలియక తటపటాయిస్తే, ఆవిడే చెప్పారు. ఒక చెయ్యి నా నడుం కింద పెట్టు, నేను ఎత్తుతాను, అప్పుడు లాగు, గబగబా లాగకు అన్నారు. అలాగే చేశాను. కింద కుళాయి దగ్గరికి ఆ మెట్ల మీదే, రెండు చేతులతో దాన్ని పట్టుకుని, గోడకు భుజం ఆనించి ఒక్కో మెట్టూ దిగాను. పారబోసి, కడిగి, మళ్లీ ఎక్కి, తుడిచి మంచం కింద పెట్టాను.

కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇందాక ఆపిన చోటునుంచి మొదలుపెడదామని నోరు తెరిచాను.

"సబ్బుతో కడుక్కున్నావా చేతులు?" అని అడిగారు.

నీళ్లతో కడుక్కున్నానన్నాను.

"సబ్బుతో కడుక్కుని రా" అన్నారు.